సాలీడు విషం మందవుతుందా? పాఠకుల ప్రశ్నలకు మాస్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సాలీళ్ల మీదే. కారణం తెలిసిందే. "సాలీడు విషంతో కేన్సర్ మాయం, యాంటీబయాటిక్స్‌కి ఇక సెలవు" అని ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, రాజోలు నుంచి ఆకివీడు దాకా అందరికీ చేరినట్టుంది. పూర్తి అబద్ధమైతే ఒక్క ముక్కలో కొట్టిపారేసేవాణ్ణి, కానీ అందులో కొంత నిజం ఉంది. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సాలీడు విషంలో బ్యాక్టీరియాను చంపే పెప్టైడ్లు ఉన్నాయంటున్నారు, నిజమేనా మాస్టారూ? ఎలా చంపుతాయి? మరి ఇంతవరకూ మందుల షాపులోకి ఎందుకు రాలేదు?
బీఎస్సీ విద్యార్థిని, అమలాపురం

నిజమేనమ్మా, మరీ కొత్త సంగతి కూడా కాదు. 1998లో అమెరికాలో కరోలినా తోడేలు సాలీడు విషంలోంచి లైకోటాక్సిన్లు అనే రెండు పెప్టైడ్లను వేరు చేశారు. 2002లో మధ్య అమెరికాకు చెందిన క్యుపియెన్నియస్ సాలై అనే సాలీడు విషంలో క్యుపియెన్నిన్లు బయటపడ్డాయి. 2006లో మాస్కో శాస్త్రవేత్తలు మధ్య ఆసియాలో ఉండే లాకెసానా తరబేవి అనే సాలీడులో లాటార్సిన్లను కనిపెట్టారు, ఒకటీ రెండూ కాదు, ఏకంగా ఏడు. పెప్టైడ్ అంటే చిన్నపాటి ప్రొటీన్ అనుకో. ప్రొటీన్ని కూర్చే ముక్కలే అమైనో ఆమ్లాలు, ఇన్సులిన్‌లో అవి 51 ఉంటాయి కదా, వీటిలో చాలావాటికి పాతిక నుంచి ముప్ఫై అయిదు దాకా మాత్రమే ఉంటాయి.

సాలీడు విషం అనగానే మనకి గుర్తొచ్చేది నాడుల్ని పట్టేసే విషం. అవి వేరే రకం, గంధకం బంధాలతో ముడిపడి గట్టిగా ఉంటాయి, పురుగు నాడుల్లో అయాన్లు, అంటే సోడియం, పొటాషియం లాంటి చార్జి ఉన్న అణువులు, వెళ్లే దారుల్ని ఆపేసో తెరిచేసో దాన్ని కదలకుండా చేస్తాయి. నువ్వడిగినవి అలాంటివి కావు. వీటికి ముడులుండవు, నీళ్లలో ఉన్నంతసేపూ ఒక ఆకారమంటూ ఉండదు, కణం పొరని తాకగానే మెలి తిరిగి స్ప్రింగులా తయారవుతాయి. ఆ స్ప్రింగుకి ఒకవైపంతా లైసిన్ లాంటి ప్లస్ చార్జి ఉన్న ఆమ్లాలు, రెండోవైపు నూనెని ఇష్టపడే ఆమ్లాలు. బ్యాక్టీరియా పైపొరకి మైనస్ చార్జి ఎక్కువ కాబట్టి ప్లస్ వైపు పోయి దానికి అంటుకుంటుంది, తర్వాత నూనె వైపు పొరలోని కొవ్వులోకి దిగబడుతుంది. అలా కొన్ని పోగయ్యేసరికి పొర చిరుగుతుంది. గోదావరి గట్టుకి గండి పడితే ఏమవుతుందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు, మొదట పడ్డ చిల్లు ఎంత చిన్నదన్నది లెక్కలోకి రాదు, లోపలి పొటాషియం బయటికీ బయటి సోడియం లోపలికీ తోసుకొచ్చి నిమిషాల్లో కణం చచ్చిపోతుంది. మామూలు యాంటీబయాటిక్ అయితే బ్యాక్టీరియా లోపల ఏదో ఒక ఎంజైమునో రైబోజోమునో వెతుక్కుని పట్టుకోవాలి. వీటికి ఆ వెతుకులాటే లేదు, ఆశలన్నీ దాని మీదే పెట్టుకున్నారు.

అసలు సాలీడుకి వీటితో ఏం పని అని అడగలేదు గానీ చెప్పేస్తాను, నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. అది మన కోసం యాంటీబయాటిక్ తయారు చెయ్యడం లేదు. ఈ పెప్టైడ్లు పురుగు కండరాల పొరల్నీ నాడుల పొరల్నీ కూడా చిల్లులు పొడుస్తాయి, దాంతో అసలు నాడీ విషం ఇంకా సులువుగా, ఇంకా తక్కువ మోతాదులో పని చేస్తుంది. క్యుపియెన్నిన్ల విషయంలో ఈ జోడీ వ్యవహారాన్ని ప్రయోగాల్లో చూశారు కూడా. అంటే బ్యాక్టీరియా చావడం ఒకరకంగా కొసరు. సాలీడు తన ఎరని ద్రవంగా మార్చి పీల్చుకుంటుంది కాబట్టి ఆ తిండి శుభ్రంగా ఉండటానికి కూడా పనికొస్తాయేమోనని కొందరి ఊహ.

ఇక షాపులోకి ఎందుకు రాలేదంటావా. చంపడం తేలికే, ఎవర్ని వదిలెయ్యాలో తెలియడమే కష్టం. మన కణాల పైపొరకి బయటివైపు పెద్దగా చార్జి ఉండదు, కొలెస్ట్రాల్ కూడా ఉంటుంది కాబట్టి కొంత రక్షణ ఉంది. కానీ మోతాదు పెరిగితే లాటార్సిన్లలో కొన్నీ క్యుపియెన్నిన్లూ మన ఎర్ర రక్తకణాల్ని కూడా పగలగొడతాయి. పరీక్షనాళికలో రక్తం వేసి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది: కణాలు బాగుంటే అవి అడుక్కి దిగి పైన తేట నీరు మిగులుతుంది, పగిలితే ఆ తేట నీరే ఎర్రగా మారుతుంది. ఏ కొత్త పెప్టైడుకైనా ఈ ఎర్ర నీటి పరీక్ష తప్పదు, ఎక్కువ వాటి కథ అక్కడే ముగుస్తుంది. అది దాటినా రక్తంలో ప్రొటీన్లను కోసే ఎంజైములు ఊరుకోవు, నోటితో ఇస్తే కడుపులోనే అరిగిపోతాయి. అందుకని అమైనో ఆమ్లాల్ని కుడి ఎడమగా తిప్పి, అంటే అద్దంలో ప్రతిబింబంలా తయారు చేసి చూస్తున్నారు, మన ఎంజైములు వాటిని గుర్తుపట్టలేవు. తయారీ ఖర్చు సంగతి సరేసరి.

కప్ప చర్మంలో 1987లో దొరికిన మగైనిన్ గురించి చదువు, వీలైతే సెమినార్‌కి అదే తీసుకో. దాన్ని మార్చి పెక్సిగనాన్ అనే ఆయింట్‌మెంట్ చేశారు, షుగర్ వాళ్ల కాలి పుండ్లకి. చాలా దూరం వచ్చింది. 1999లో అమెరికా ఔషధ సంస్థ అనుమతి నిరాకరించింది, అప్పటికే ఉన్న మందుల కంటే మెరుగని తేలలేదు. సాలీడు పెప్టైడ్లు ఇంకా ఆ మెట్టు దాకా కూడా రాలేదు.

ప్రశ్న: మాది వెనామీ చెరువు. యాంటీబయాటిక్స్ వాడితే ఎక్స్‌పోర్ట్‌లో కంటైనర్లు వెనక్కి వస్తున్నాయి. ఈ సాలీడు మందు మేతలో కలిపితే విబ్రియో బ్యాక్టీరియా పోతుందా? అలవాటు పడని మందు అంటున్నారు.
రొయ్యల రైతు, ఉండి

పోదండీ. పెప్టైడు మేతలో కలిపితే సగం నీళ్లలో కరుగుతుంది, మిగతాది రొయ్య పొట్టలో అరిగిపోతుంది, ఖరీదు చూస్తే మీ పట్టుబడి మొత్తం దానికే సరిపోదు. పైగా అలాంటి మందు చెరువుల కోసమని అమ్మకంలో ఎక్కడా లేదు. ఎవరైనా డబ్బా పట్టుకొచ్చి "ఇదే సార్ అది" అంటే లేబుల్ మీద ఏముందో చదవండి, చదవడానికి ఏమీ లేకపోతే గేటు దగ్గర నుంచే పంపించెయ్యండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు ఆక్వాలో నిషేధం అని మీకు తెలుసు, పేరు లేని పొడుల్లో అవే కలిపి అమ్మే రకాలున్నాయి, ఆ తర్వాత శాంపిల్ ఫెయిలయితే తల పట్టుకోవాల్సింది మీరే గానీ అమ్మినవాడు కాదు.

"అలవాటు పడని మందు" అన్నారు చూడండి, దాని దగ్గర కాస్త ఆగాలి. కొలిస్టిన్ తెలుసుగా, అదీ పెప్టైడ్ జాతి మందే, అదీ బ్యాక్టీరియా పొర మీదే దెబ్బ కొడుతుంది, అదీ ప్లస్ చార్జి ఉన్నదే. దానికి తట్టుకోవడం బ్యాక్టీరియాకి కష్టమని చాలాకాలం అనుకున్నారు. 2015లో చైనాలో పందుల్లో ఎంసీఆర్-1 అనే జన్యువు బయటపడింది, అది ఉన్న బ్యాక్టీరియా తన పొర మీద మైనస్ చార్జిని తగ్గించేసుకుంటుంది, ఇక మందు అంటుకోదు. ఆ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారుతుంది కూడా. ఆసుపత్రిలో ఏ మందూ పనిచెయ్యనప్పుడు ఆఖర్న ఎక్కించే మందు అది, దాన్ని కోళ్ల మేతలో బరువు పెరగడానికి కలిపేవాళ్లు. మన దేశం 2019లో కోళ్లకీ పశువులకీ ఆక్వాకీ కొలిస్టిన్ వాడకం నిషేధించింది. కాబట్టి రేపు సాలీడు మందే వచ్చినా, దాన్నీ చెరువుల్లో గుమ్మరిస్తే అదే కథ.

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. మీ వెనామీ రొయ్య ఒంట్లోనే ఇలాంటి పెప్టైడ్లున్నాయి. పెనైడిన్లు అంటారు, 1997లో వెనామీ రక్తకణాల్లోంచే వాటిని మొదట వేరు చేశారు. సాలీడుకీ రొయ్యకీ దూరపు చుట్టరికం, రెండూ కీళ్లకాళ్ల జీవులే, మనలా యాంటీబాడీలు తయారు చేసుకోలేవు కాబట్టి రక్తంలో ఇలాంటివి దాచుకుంటాయి. బ్రెజిల్‌లో ఒక పెద్ద టరాంటులా రక్తకణాల్లో కూడా 2000లో గోమెసిన్ అనేది దొరికింది, అది విషంలోది కాదు, రక్తంలోది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, అడుగున బురద కుళ్లి, సీడ్ ఎక్కువ పోసి రొయ్యని ఒత్తిడిలో పెడితే దాని సొంత రక్షణ పడిపోతుంది. ఇంకో మాట, వైట్ స్పాట్ వైరస్. దానికి ఏ యాంటీబయాటిక్కూ పనిచెయ్యదు, ఎంత ఖరీదైనదైనా.

ప్రశ్న: మా బావగారికి కేన్సర్. కీమో నడుస్తోంది. ఆయన ఆ మెసేజ్ చూసి, సాలీడు విషం మందు ఎక్కడో ఇస్తారట, కీమో ఆపేస్తానంటున్నారు. ఏం చెప్పమంటారు?
ఒక సోదరి, నరసాపురం

ఆపొద్దని చెప్పండమ్మా, నా మాటగా కాదు, ఆయన్ని చూస్తున్న డాక్టరుగారి ముందు కూర్చోబెట్టి చెప్పించండి.

ఆ మెసేజ్‌కి ఆధారం ఏమిటంటే, మన మంచి కణాల్లో ఫాస్ఫాటిడిల్‌సెరీన్ అనే కొవ్వు పొరకి లోపలివైపు ఉంటుంది, దానికి మైనస్ చార్జి. కేన్సర్ కణాల్లో అది చాలాసార్లు బయటివైపుకి వచ్చేస్తుంది. అందువల్ల బ్యాక్టీరియాకి అంటుకున్నట్టే ఈ పెప్టైడ్లు కేన్సర్ కణానికీ కొంచెం ఎక్కువగా అంటుకుంటాయి. లైకోసిన్-1 అని ఒక తోడేలు సాలీడు విషంలోది, కేన్సర్ కణాల మీద పనిచేస్తున్నట్టు చైనా శాస్త్రవేత్తలు చూపించారు, ఎలుకల్లో కణితి పెరగడం తగ్గింది కూడా. ఇంతవరకూ నిజం. కానీ గాజు పళ్లెంలో కేన్సర్ కణాల్ని చంపేవి లెక్కలేనన్ని ఉన్నాయి, బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది. మనిషి ఒంట్లో కోట్ల మంచి కణాల మధ్య, వాటిని ముట్టకుండా చంపగలగాలి. ఆ పరీక్షలు దాటి కేన్సర్‌కి మందుగా అనుమతి పొందిన సాలీడు పెప్టైడ్ ఈ రోజుకి ఒక్కటీ లేదు. లేని మందుని ఎవరో ఇస్తున్నారంటే వాళ్లిచ్చేది ఇంకేదో.

విషాల్లోంచి మందులు రావా అంటే వస్తాయి, ఆ ఆశ తప్పు కాదు. బీపీకి వాడే కాప్టోప్రిల్ బ్రెజిల్ రక్తపింజరి జాతి పాము విషం మీద చేసిన పరిశోధనలోంచి పుట్టి 1981లో అనుమతి పొందింది. మీ బావగారికి ఇంకో సంగతి చెప్పండి, వింటారేమో. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకి అధిపతిగా ఉన్నప్పుడే మెథోట్రెక్సేట్ వచ్చింది, ఇప్పటికీ వాడుతున్న కీమో మందు అది. ఆయన హయాంలోనే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా వచ్చింది, అది మట్టిలో దొరికిన సూక్ష్మజీవిది. మన జిల్లావాడు చేతులు పెట్టిన కీమోని వదిలేసి ఊరూ పేరూ లేని వాట్సాప్ మందు వెంట పడతారా?

ప్రశ్న: వంటింటి గోడ మీద అరచేతంత సాలీడు తిరుగుతోంది. మొన్న మా అబ్బాయికి మెడ మీద గీత గీసినట్టు ఎర్రగా పొక్కులొచ్చాయి, సాలీడు పాకిందని మా అత్తగారు అంటున్నారు. ఇది విషపుదా?
గృహిణి, పాలకొల్లు

మీ గోడ మీది సాలీడుని నేను బాగా ఎరుగుదును. గోధుమరంగు, బల్లపరుపుగా ఉంటుంది, కాళ్లు పక్కలకి చాపి పీతలా నడుస్తుంది, గూడు కట్టదు, పగలు క్యాలెండర్ వెనకో ఫొటో వెనకో దాక్కుని రాత్రి బొద్దింకల కోసం బయల్దేరుతుంది. ఆడది అయితే పొట్ట కింద రూపాయి బిళ్లంత తెల్లటి గుడ్ల సంచి పట్టుకుని తిరుగుతుంది, ఆ సంచి ఉన్నంతకాలం మేత కూడా సరిగ్గా ముట్టదు. దాదాపు అన్ని సాలీళ్లకీ విషం ఉన్నట్టే దీనికీ ఉంది, నలిపితే కరుస్తుంది, కాసేపు మంట పుడుతుంది, అంతకు మించి భయం లేదు. మాంసం కుళ్లిపోయిందని ఫొటోలు చూపిస్తారే, ఆ పని చేసేవి లోక్సోసెలెస్ జాతివి, వాటి బెడద ఎక్కువగా అమెరికా ఖండాల్లో. అక్కడ కూడా కుళ్లబెట్టేది మనం చెప్పుకుంటున్న చిన్న పెప్టైడ్ కాదు, ఒక ఎంజైము.

పాకితే పొక్కులు రావడం మాత్రం సాలీడు పని కాదు. సాలీడు విషం కోరల్లో ఉంటుంది, కాళ్లలో కాదు. కోతల రోజుల్లో ట్యూబ్‌లైటు దగ్గరికి సన్నగా, నలుపు నారింజ పట్టీలతో, చీమకంటే కాస్త పొడుగ్గా ఒక పురుగు వస్తుంది చూడండి, దాని మీదే నా అనుమానం. అది కుట్టదు, కరవదు, కానీ మెడ మీద పాకుతుంటే మనం అలవాటుగా చేత్తో రాసేస్తాం, నలిగినప్పుడు దాని ఒంట్లోని పెడెరిన్ అనే రసం చర్మానికి అంటుకుంటుంది, ఒక రోజు తర్వాత సరిగ్గా చెయ్యి రాసినంత మేరా గీతలా పొక్కుతుంది. పాకితే ఊది దులిపెయ్యాలి, నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి. కంట్లో పడితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి.

పెద్దవాళ్లకి నడుముకో ఛాతీకో ఒకే పక్కన పట్టీలా పొక్కులొచ్చి సూదులు గుచ్చినట్టు నొప్పి ఉంటే, అది సర్పి. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ మళ్లీ లేవడం. దానికి మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది కాబట్టి మీ అత్తగారికి ఎప్పుడైనా అలా వస్తే సాలీడుని తిడుతూ మంత్రం వేయించుకుంటూ కూర్చోనివ్వకండి.

ప్రశ్న: దెబ్బ తగిలితే సాలెగూడు అద్దేవాళ్లం చిన్నప్పుడు. అందులోనూ ఈ మందు ఉందా?
రిటైర్డ్ ఉద్యోగి, రావులపాలెం

లేదండీ. విషం వేరు, పట్టు వేరు, రెండూ వేర్వేరు గ్రంథుల్లో తయారవుతాయి. ఏడు జాతుల సాలీళ్ల పట్టుని 2021లో జాగ్రత్తగా పరీక్షిస్తే బ్యాక్టీరియాను చంపే గుణమేదీ కనిపించలేదు. రక్తం ఆగడానికి ఏ శుభ్రమైన గుడ్డయినా చాలు, అటక మీది గూట్లో దుమ్మూ బల్లి రెట్టా కూడా ఉంటాయి.

ప్రశ్న: వరి చేలో సాలీళ్లు బాగా కనిపిస్తున్నాయి, పైరుని పట్టే సుడిదోమ కూడా ఉంది. మందు కొట్టమంటారా?
రైతు, పెనుగొండ దగ్గర

ముందు దుబ్బు మొదలు తట్టి చూడండి. నీళ్ల మీద గబగబా పరిగెత్తే బూడిదరంగు సాలీడు కనిపిస్తే, కొన్నిసార్లు తల్లి వీపు మీద పిల్లలన్నీ గుంపుగా ఎక్కి ఉంటాయి, అది తోడేలు సాలీడే, పైన చెప్పిన లైకోటాక్సిన్ సాలీడుకి చుట్టమే. సుడిదోమని రోజూ తినేది అదే. పిలకకి ఒక దోమ చొప్పున కనిపిస్తే మందు ఆలోచించాలని, దుబ్బుకి ఒక సాలీడు ఉంటే పిలకకి రెండు దోమల దాకా ఆగొచ్చని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం లెక్క. తొందరపడి సింథటిక్ పైరెత్రాయిడ్లు కొట్టారో, సాలీళ్లు ముందు పోతాయి, దోమ గుడ్లు ఆకు తొడిమలో భద్రంగా ఉండి మళ్లీ లేస్తాయి, ఈసారి తినేవాళ్లుండరు. వచ్చే సార్వాకి నాట్లప్పుడే రెండు మీటర్లకి ఒక కాలిబాట, 20 సెంటీమీటర్ల వెడల్పున, తూర్పు పడమరలుగా వదలండి.

ప్రశ్న: సాలీడు విషం కణాల్ని చంపుతుంటే ఆ సాలీడు కణాల్ని ఎందుకు చంపదు సార్?
తొమ్మిదో తరగతి, రాజోలు

శెభాష్, ఈ నెల ప్రశ్నల్లో ఇదే మేలైనది. ఆ పెప్టైడు తయారయ్యేటప్పుడే దానికి ముందు ఇంకో ముక్క అతుక్కుని ఉంటుంది, దాని నిండా మైనస్ చార్జి. ప్లస్సూ మైనస్సూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే కణం పొర జోలికి పోవడం కష్టమే కదా. తర్వాత ఒక ఎంజైము ఆ ముక్కని కోసేస్తుంది, అప్పుడు అసలు పెప్టైడు బయటపడుతుంది. తయారైన విషం గ్రంథి మధ్యలో ఉన్న ఖాళీలో నిలవ ఉంటుంది, చుట్టూ ఉన్న కండరం నొక్కితే కోరల్లోంచి బయటికి చిమ్ముతుంది. అయితే తన విషానికి తనకి పూర్తి రక్షణ ఉందని మాత్రం అనుకోకు. ఒక సాలీడు ఇంకో సాలీడుని కరిచి తినేయడం మామూలే, చాలా జాతుల్లో ఆడది మగదాన్ని అలాగే తింటుంది, దానికీ వాడేది ఆ విషమే.